ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్ ఏది వేసుకోవాలి? తొమ్మిదేళ్లు వాడాక చెబుతున్నా

తిరుపతి కొర్లగుంటలో మాది డీటీపీ షాపు. మొదట్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, ఇవే పని. తర్వాత ఇ-బుక్కులు మొదలయ్యాయి, ఆ వెనకే చెన్నై నుంచి జర్నల్ వ్యాసాలకు ట్యాగులు పెట్టే పని వచ్చింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా రోజుకు ఏడెనిమిది గంటలు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల ముందే కూర్చుంటున్నా. ఎక్స్‌ఎంఎల్ అంటే రాతలో ఒక్కో ముక్క ఏమిటో దాని ముందూ వెనకా గుర్తులు పెట్టి చెప్పే పద్ధతి, ఆ గుర్తులే ట్యాగులు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటావు, డబ్బు పెట్టాలా, ఫ్రీగా దొరికేది చాలా?" అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే మేలనిపించింది.

ఎడిటర్ పేరు అడిగేముందు మీ చేతికి వచ్చే ఫైలు ఏ రకమో చూసుకోండి. లెక్కల రకం ఒకటి ఉంటుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కొనుగోళ్ల ఫైలు అనుకోండి, రైతు పేరు, ఊరు, కాయ రకం, బరువు, రేటు, ఒక్కో ట్యాగులో ఒక్కో ముక్క, అంతే. ఇంకోటి రాత రకం. ఒక పేరా, అందులో ఒక మాట ఇటాలిక్, ఇంకో మాట పక్కన ఫుట్‌నోట్ నంబరు, మధ్యలో ఎక్కడో ఒక లింకు, ఇలా ట్యాగులూ అక్షరాలూ కలగలిసి ఉంటాయి. మొదటి రకానికి చక్కగా సరిపోయే ఎడిటర్‌తో రెండో రకం పని చేస్తే ప్రాణం విసిగిపోతుంది. ఈ తేడా తెలియక నేను మొదటి ఏడాది చాలా నష్టపోయా.

ఒక కథల పుస్తకం విషయం చెప్తా. ఫైలు చిందరవందరగా ఉందని అప్పట్లో వాడుతున్న ఒక ఫ్రీ ఎడిటర్‌లో ప్రెటీ ప్రింట్ నొక్కా. ట్యాగులన్నీ మెట్లు మెట్లుగా సర్దుకున్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంది, సేవ్ చేసి పంపేశా. ప్రతి కథలో మొదటి అక్షరం పెద్దగా కనిపించాలని దానికి విడిగా ట్యాగు పెట్టి ఉన్నాం. ప్రెటీ ప్రింట్ ఆ ట్యాగు తర్వాత కొత్త లైను పెట్టేసింది. లైను మారితే చదివే యాప్ దాన్ని ఖాళీగానే చూపిస్తుంది కదా, "తిరుచానూరు" కాస్తా "తి రుచానూరు" అయి కూర్చుంది. ఫుట్‌నోట్ నంబర్లూ అలాగే మాటల నుంచి దూరం జరిగాయి. ఇందులో బాధ ఏమిటంటే ఎక్స్‌ఎంఎల్ లెక్కలో అది తప్పు కాదు, ఏ చెకింగూ పట్టుకోదు, మనిషి కంటితో చదివితేనే బయటపడుతుంది. పుస్తకం మొత్తం మళ్లీ చదివి సరిచేసేసరికి తెల్లవారుజాము అయింది. రాత రకం ఫైలుకు ప్రెటీ ప్రింట్ జోలికి పోకండి, పోయినా కాపీ మీద చేసి చూడండి.

ఇక ఒక్కోటి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌ఎంఎల్ నోట్‌ప్యాడ్ పూర్తిగా ఉచితం, విండోస్‌కే. ఎడమవైపు ట్యాగులు చెట్టు కొమ్మల్లా, కుడివైపు వాటి విలువలు. ఎక్స్‌ఎస్‌డీ స్కీమా (ఏ ట్యాగు ఎక్కడ, ఏ వరుసలో రావాలో చెప్పే నియమాల ఫైలు) జత చేస్తే మార్చేటప్పుడే తప్పులు కింద చూపిస్తుంది. లెక్కల రకానికి ఇది బంగారం. పేరాలున్న ఫైలు తెరిస్తే మాత్రం ఒక్క వాక్యమే నాలుగైదు ముక్కలై కనిపిస్తుంది, చదవడమే కష్టం.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ను నేను ముఖ్యంగా ఎన్‌కోడింగ్ చూడ్డానికి వాడతా. అంటే అక్షరాలను ఫైలులో ఏ రకం బైట్లుగా దాచారన్నది, యూటీఎఫ్-8 అందులో ఒక రకం. పాత ఫైళ్లలో పై లైనులో యూటీఎఫ్-8 అని రాసి ఉంటుంది, తీరా చూస్తే సేవ్ చేసింది ఇంకో రకంగా. ఆ ఎన్‌కోడింగ్ పేరు ఇందులో కింది మూలలోనే కనిపిస్తుంది, మార్చుకోవడమూ తేలిక. ఎక్స్‌ఎంఎల్ టూల్స్ అనే ప్లగిన్ వేసుకుంటే స్కీమాతో చెక్ చేస్తుంది కూడా. అయితే రోజంతా ట్యాగులు పెట్టే పనికి నేను దీన్ని వాడను.

కొత్తవాళ్లకు నేను చెప్పేది వీఎస్ కోడ్, దాంట్లో రెడ్ హ్యాట్ వాళ్ల ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌టెన్షన్. రెండూ ఉచితమే, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తాయి. డీటీడీ (ఇదీ స్కీమా లాంటి నియమాల ఫైలే) గానీ ఎక్స్‌ఎస్‌డీ గానీ జత చేస్తే, టైప్ చేస్తుండగానే తప్పు కింద ఎర్ర గీత పడుతుంది, ఇక్కడ ఏ ట్యాగు రావచ్చో అదే జాబితా చూపిస్తుంది. దీని విలువ మొదట్లో నాకు తెలియలేదు. ఫైలు తెరుచుకుంది కదా, సరిగ్గానే ఉందిలే అనుకునేవాణ్ణి. ఎర్రర్ రాకుండా తెరుచుకుంది అంటే ట్యాగులు సరిగ్గా మూసి ఉన్నాయని మాత్రమే. పంపే చోట అడిగిన వరుసలో ఉన్నాయా లేదా అన్నది స్కీమాతోనే తేలుతుంది. జర్నల్ వ్యాసాలకు జాట్స్ అనే ప్రమాణం ఉంది, 2012 నుంచి. అందులో రచయిత పేరు ఎక్కడ, సారాంశం ఎక్కడ అన్నదానికి ఖచ్చితమైన వరుస. అది తప్పితే అవతలి వాళ్ల మెషీనే ఫైలు తిప్పి పంపుతుంది, ఒక్క మనిషి కూడా చూడడు.

ఎక్కువగా ఇబ్బంది పెట్టే రెండు చిన్న తప్పులు కూడా ఇప్పుడే చెప్పేస్తా. "రెడ్డి & సన్స్" అని ఉన్నదున్నట్టు టైప్ చేస్తే ఫైలు విరుగుతుంది, ఆ గుర్తును &#38; అని రాయాలి. వెబ్ పేజీల్లో లైను విరగని ఖాళీ కోసం అలవాటైన ఎన్‌బీఎస్‌పీ కూడా అంతే, ఎక్స్‌ఎంఎల్‌కు పుట్టుకతో తెలిసిన ఇలాంటి పొట్టి పేర్లు ఐదే, అందులో అది లేదు, &#160; అని రాసుకోవాలి. ఎర్ర గీత చూపించే ఎడిటర్ ఉంటే ఇవి అక్కడికక్కడే తెలుస్తాయి.

నేను డబ్బు పెట్టి కొన్నది ఆక్సిజన్. రొమేనియా కంపెనీది, 2002 నుంచి ఉంది. ధర డాలర్లలో, వందల్లో. ఆ డబ్బుతో మా షాపు అద్దె నాలుగు నెలలు కట్టొచ్చు, అందుకే కొనడానికి రెండేళ్లు వెనకాడా. చివరికి కొనిపించింది వెతికి మార్చే పని. మామూలు ఎడిటర్‌లో ఒక మాట మార్చమంటే ఫైలంతా మార్చేస్తుంది. ఇందులో వెతికే పెట్టెలోనే ఎక్స్‌పాత్ (ఫైలులో ఏ ట్యాగు లోపల వెతకాలో చెప్పే దారి) రాసి, రిఫరెన్సుల జాబితాలో మాత్రమే మార్చు, వ్యాసంలో ముట్టుకోకు అని చెప్పొచ్చు. నాకు పూటంతా పట్టే పని పది నిమిషాలకు వచ్చింది. ఈపబ్ (ఇ-బుక్కు) ఫైలును విప్పకుండా నేరుగా తెరుస్తుంది, జాట్స్ ముందే అమర్చి ఉంటుంది, ఆథర్ మోడ్‌లో ట్యాగులు పక్కకు తప్పుకుని పుస్తకం పేజీలా కనిపిస్తాయి కాబట్టి ప్రూఫ్ చదివే మా ఆవిడకు కూడా అదే నచ్చింది. బరువు మాత్రం ఎక్కువ. జావా మీద నడుస్తుంది, మా పాత 4 జీబీ సిస్టమ్‌లో పెద్ద ఫైలు తెరిస్తే టీ తాగి రావచ్చు. ర్యామ్ 8 జీబీ చేశాక బాధ పోయింది.

ఎక్స్‌ఎంఎల్‌స్పై ట్రయల్ మాత్రమే వాడా. విండోస్‌కే, గ్రిడ్ వ్యూ (ట్యాగులను పట్టికలా చూపించేది) చాలా బాగుంది, స్కీమాలు మీరే తయారు చేసే వాళ్లయితే తప్పక చూడండి. నా పనికి అంత అవసరం పడలేదు.

తెలుగు ఫైళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఎర్రర్ మెసేజ్‌లో "లైను 40, కాలమ్ 212" అని వస్తే అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పోకండి. మన కంటికి "స్త్రీ" ఒక్కటే అక్షరం, యూనికోడ్ లెక్కలో అవి ఆరు, యూటీఎఫ్-8 ఫైలులో పద్దెనిమిది బైట్లు. ఎర్రర్ మీద నొక్కితే అక్కడికే తీసుకుపోయే ఎడిటర్ తీసుకోండి. ఇంకోటి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెడతాం. దాంతో టైప్ చేసిన మాటను అది లేకుండా వెతికితే దొరకదు. ఇది తెలియక ఒక పుస్తకంలో సగం మార్పులు వదిలేసి పంపాం. ఫాంట్ కూడా మార్చుకోండి, కోడ్ కోసం ఇచ్చే ఫాంట్‌లలో తెలుగు ఉండదు, విండోస్‌లో నిర్మలా యూఐ జత చేస్తే ఒత్తులు స్పష్టంగా కనిపిస్తాయి.

ఆక్సిజన్, ఎక్స్‌ఎంఎల్‌స్పై రెండింటికీ 30 రోజుల ట్రయల్ ఉంది. చేతిలో పని లేని నెలలో దాన్ని మొదలుపెట్టి వృథా చేసుకోకండి. మీ దగ్గరున్న ఫైళ్లలో అన్నిటికన్నా పెద్దది, మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించినది పక్కన పెట్టుకుని అప్పుడు మొదలుపెట్టండి.

ఇప్పుడు మా షాపులో మూడు సిస్టమ్‌లు. రెండింట్లో వీఎస్ కోడ్, పిల్లలిద్దరూ పగలంతా అందులో ట్యాగులు పెడతారు. మూడోదాంట్లో ఆక్సిజన్, సాయంత్రం నేను కూర్చుని చివరి చెకింగ్ చేసి చెన్నైకి పంపుతా.