సినిమా సెట్ సామాను చవగ్గా వస్తోందని కొంటున్నారా? జాగ్రత్త!

షూటింగ్ అయిపోయాక విప్పిన సెట్ల కలప, తలుపులు సగం ధరకే ఇస్తామని విశాఖలో కొందరు తిరుగుతున్నారు. డబ్బు చేతిలో పెట్టకముందే ఇది చదవండి.

మధురవాడలో మేం టిఫిన్ సెంటర్ పెట్టుకుంటున్నాం. భీమిలి రోడ్డు వైపు సెట్ విప్పుతున్నారని, టేకు తలుపులు, వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఉన్నాయని ఒకాయన వచ్చాడు. చూపించిన షీట్ల మీద ఐఎస్ 710 ముద్ర (నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కి వేసే ప్రమాణపు గుర్తు) ఉంది. "రేపు పొద్దున్నకల్లా జాగా ఖాళీ చేసి అప్పజెప్పాలి గురూ, ఈ రాత్రికే లారీ పెట్టుకో" అని ఒకటే తొందర. డబ్బంతా ముందే కట్టించుకున్నాడు.

దించి చూస్తే, పైన ఉన్న నాలుగైదు షీట్ల కింద అంతా పల్చటి నాసిరకం ప్లై, ఒళ్లంతా మేకుల కన్నాలు. తలుపుల సంగతి మరీ అన్యాయం. కింది అంచున తాళంచెవితో గీకితే రంగు పొర లేచొచ్చింది. దాని వెనక సన్నటి చెక్క రీపర్ల చట్రం, మధ్యలో బోలు. టేకు చారలు బ్రష్‌తో గీసినవి! ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లని నేనేమీ అనను, కెమెరాకి టేకులా కనిపించేలా చేయడమే వాళ్ల పని, అద్భుతంగా చేశారు. దాన్ని టేకని చెప్పి అమ్మడమే మోసం. స్తంభాలేమో గోనెపట్ట మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మన సముద్రపు గాలికీ వానలకీ అవి ఎన్నాళ్లు నిలుస్తాయి?

ఇంకో సంగతి. షూటింగ్ అయ్యాక లొకేషన్‌ని ముందున్నట్టు శుభ్రం చేసి అప్పజెప్పాల్సింది సెట్ వేసినవాళ్లు. ఆ చెత్త ఎత్తించే ఖర్చు తప్పించుకోడానికే "లాట్ మొత్తం నువ్వే తీసుకోవాలి" అంటారు. మా లారీలో సగం థర్మాకోల్, విరిగిన ప్లాస్టర్ ముక్కలే. వాటిని ఎక్కడ పడేయాలి? తగలబెడితే నల్లటి విషప్పొగ, ఖాళీ స్థలంలో పోస్తే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) జరిమానా. గడువు టెన్షన్ వాళ్లది, మనది కాదు. కాబట్టి వాళ్లు తొందరపెట్టేకొద్దీ మనం గట్టిగా బేరం ఆడొచ్చు, కావాల్సినవే ఏరుకుంటామని చెప్పొచ్చు.

కట్టలో అడుగున ఉన్న షీటు లాగించి చూడండి. ఓ ముక్క కోయించి వేడినీళ్లలో మరిగించండి. మామూలు ప్లై అయితే జిగురు వదిలి పొరలు విడిపోతాయి, అసలైన 710 రకం 72 గంటలు మరిగినా తట్టుకోవాలి. తలుపుని వెనకవైపు, అంచులు చూడకుండా ఒప్పుకోకండి. సరుగుడు కర్రలు, ఇనుప పైపులు మాత్రం నిజంగానే పనికొస్తాయి, ధర కుదిరితే తీసుకోండి. డబ్బు మాత్రం సరుకు మీ ఇంటి దగ్గర దించి, చూసుకున్నాకే.

మా డబ్బు అడిగితే ఆయన ఫోన్ ఎత్తడం లేదు. అవే తలుపుల ఫొటోలు ఇప్పుడు ఆనందపురం వైపు వాళ్లకి పంపుతున్నాడని మా వడ్రంగి చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మీకు తెలిస్తే ఈ సంగతి ఇవాళే చెప్పండి.