పాత ల్యాప్‌టాప్, కోడీ, మా హాల్లో టీవీ: ఐదారేళ్ల వాడకం తర్వాత

పాత కంప్యూటర్‌ని టీవీకి తగిలించి, వీడియోలు, పాటలు ఆడించే కోడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఓటీటీల ఖర్చు తప్పుతుందా అని చాలామంది అడుగుతుంటారు. తప్పదు. కోడీ తనంతట తాను ఒక్క సినిమా కూడా తెచ్చిపెట్టదు. బీరువాలో మూలుగుతున్న డీవీడీలు, పెళ్లి సీడీలు, రెండు మూడు హార్డ్‌డిస్కుల్లో చెల్లాచెదురుగా పడున్న ఫొటోలు, పాటలు, ఇలా మన దగ్గరున్న సరుకునే ఒక వరసలో పేర్చి బొమ్మలతో సహా టీవీలో చూపిస్తుంది. ఆ పనిలో దానికి సాటి వచ్చేది నాకింతవరకూ కనపడలేదు. సరుకు లేని ఇంటికి మాత్రం ఇది దండగ. అలాంటివాళ్లు ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కుంటే హాయి.

మాది 4వ తరం ఇంటెల్ ఐ3 ల్యాప్‌టాప్. కీలు విరిగి, స్క్రీన్ వేలాడుతూ, అమ్మితే ఏమీ రాని స్థితిలో అటక మీద ఉండేది. 2020లో దించి, హార్డ్‌డిస్క్ బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్ కూడా ఉంది కానీ ల్యాప్‌టాప్‌నే ఎంచుకున్నది కరెంటు కోసం. మా వీధిలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటు చాలు, డెస్క్‌టాప్ ఆగిపోయి మళ్లీ మొదలవడానికి. ల్యాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి దానికి కరెంటు పోయిందన్న సంగతే తెలీదు. అయితే రోజంతా ప్లగ్‌లోనే ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంటుంది. అప్పుడప్పుడూ కింద తడిమి చూస్తుంటాను. ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే మొదటి రోజే పెట్టేయండి.

సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. కోడీ 2002లో ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టెలో వీడియోలు ఆడించడానికి కొందరు రాసుకున్న ప్రోగ్రాముగా పుట్టింది. చాలాకాలం ఎక్స్‌బీఎంసీ పేరుతో ఉండి, 2014లో ఇప్పటి పేరుకు మారింది. మొదట నేను వేసింది లిబ్రెఎలెక్. అది కోడీ నడవడానికి ఎంత కావాలో అంతే ఉండే లినక్స్, అంటే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. స్విచ్ వేస్తే నేరుగా కోడీ తెరే వస్తుంది, విండోస్ అప్‌డేట్ల గోల లేదు. తర్వాత ఇవే వీడియోల్ని ఫోన్లకూ పంపే జెల్లీఫిన్ కూడా కావాల్సివచ్చి డెబియన్ అనే మామూలు లినక్స్‌కి మారాను. వాడుతున్నంతలో రెండింటికీ తేడా తెలియదు. ఒక్క కోడీయే చాలనుకునేవాళ్లు లిబ్రెఎలెక్ దాటి వెళ్లక్కర్లేదు.

ఇక అసలు శ్రమ. అది సాఫ్ట్‌వేర్ ఎక్కించడంలో లేదు, ఫైళ్లకు పేర్లు పెట్టడంలో ఉంది. కోడీ ఫైలు పేరు చూసి, టీఎండీబీ అనే సినిమాల డేటాబేస్‌లో వెతికి, పోస్టర్, తారాగణం, కథ తెచ్చి అంటిస్తుంది. ఇంగ్లీషు సినిమాలకు కళ్లు మూసుకుని నడిచిపోతుంది. తెలుగు దగ్గరే తంటా. దేవదాసు అని ఊరికే రాస్తే అది ఏ దేవదాసు అనుకోవాలి? 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లోనూ వచ్చింది. నాగేశ్వరరావు సినిమాకి వేరే పోస్టర్ అంటుకుంటే మా మావయ్యగారు ఊరుకోరు. పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం వేస్తే ముప్పాతిక తలనొప్పి పోతుంది. మిగతా పావు మన ఇంగ్లీషు స్పెల్లింగుల పుణ్యం. ఒకరు ‘డీహెచ్’ రాస్తారు, ఒకరు ‘డీ’తో సరిపెడతారు, దీర్ఘానికి ఒకరు రెండు ‘ఏ’లు వాడతారు. దొరకనివాటికి టీఎండీబీ సైటులో ఆ సినిమా పేజీ వెతికి, దాని లింకును ఎన్‌ఎఫ్‌ఓ అనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి సినిమా పక్కనే పెడితే మారు మాట్లాడకుండా అదే తీసుకుంటుంది. పాత జానపదాలు, పౌరాణికాలు కొన్నిటికి పోస్టరే ఉండదు. అక్కడ మనమే డీవీడీ అట్ట ఫొటో తీసి పెట్టుకోవాలి.

కోడీ 21వ వెర్షన్‌లో వచ్చిన ఒక సదుపాయం నాకు బాగా పనికొచ్చింది. ఒకే సినిమాకి రెండు ప్రతులుంటే రెండింటినీ ఒకే పోస్టర్ కింద ఉంచొచ్చు. మాయాబజార్ నలుపు తెలుపు డీవీడీ, 2010లో వచ్చిన రంగుల ప్రతి, రెండూ మా ఇంట్లో ఉన్నాయి. మావయ్యగారికి మొదటిది, పిల్లలకి రెండోది. నొక్కితే ఏది కావాలని అడుగుతుంది. గొడవ లేదు.

ఇంట్లో తీయించుకున్న వీడియోలది వేరే కథ. మా పెళ్లి నాటికి మా ఊళ్లో వీడియోగ్రాఫర్లు ఇచ్చేది వీసీడీలే. ఆ సీడీలో ‘ఎంపెగ్‌ఏవీ’ అనే ఫోల్డర్, అందులో ‘ఏవీఎస్‌ఈక్యూ01’ అనే డీఏటీ ఫైలు ఉంటాయి. బొమ్మ సైజు 352 బై 288 చుక్కలు మాత్రమే. అందులో అందం వెతకొద్దు, మనుషులు గుర్తుపడితే చాలు. ఆ ఫైళ్లని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాముతో క్వాలిటీ ఏమీ తగ్గకుండా ఎంపీజీలోకి మార్చి పెట్టుకున్నాను. ఒక డ్రైవ్‌లో చదవని సీడీ ఇంకో డ్రైవ్‌లో చదివింది కాబట్టి గీతలు పడ్డాయని పారేయకండి. టీవీలో ఆడించినప్పుడు బొమ్మ అడ్డంగా సాగి అందరూ లావుగా కనపడితే, ఆడుతుండగానే వీడియో సెట్టింగుల్లో వ్యూ మోడ్‌ని ‘నార్మల్’ చేయాలి. పక్కల నల్లగా ఉంటే ఉండనీండి.

ఇంకో సంగతి. ఇలాంటి ఫోల్డర్లు కలిపేటప్పుడు సమాచారం ఎక్కణ్ణుంచి తేవాలని కోడీ అడుగుతుంది. ‘లోకల్ ఇన్ఫర్మేషన్ ఓన్లీ’ ఎంచుకోండి. లేకపోతే ‘పెళ్లి’ అని పేరు పెట్టిన మీ సొంత వీడియోకి 1997 నాటి పెళ్లి సినిమా పోస్టర్ తగిలిస్తుంది. మా ఇంట్లో దాన్ని చూసి రెండ్రోజులు నవ్వుకున్నారు.

ధ్వని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే కోడీ మీద నాకు వినపడే ఫిర్యాదుల్లో సగం అక్కడివే. మాటలు గొణిగినట్టు, ఫైటు మాత్రం ఇల్లు అదిరేట్టు. సినిమా ధ్వని 5.1లో ఉంటే డైలాగు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్లాలి. మన టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. ఆరు దారుల ధ్వనిని రెండింటిలోకి కుక్కేటప్పుడు పగిలిపోకుండా కోడీ మొత్తం వాల్యూమ్ తగ్గిస్తుంది. సిస్టమ్ సెట్టింగుల్లో ఆడియో కింద చానళ్లు 2.0 అని ఉందో లేదో చూసి, ‘మెయింటైన్ ఒరిజినల్ వాల్యూమ్ ఆన్ డౌన్‌మిక్స్’ అనేది ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కనపడకపోతే కిందున్న గేర్ బొమ్మ నొక్కి సెట్టింగుల స్థాయి పెంచాలి. అయినా చాలకపోతే సినిమా ఆడుతుండగా ఆడియో సెట్టింగుల్లో వాల్యూమ్ యాంప్లిఫికేషన్ కొన్ని డెసిబెల్స్ పెంచి, అన్నింటికీ అదే ఉండేలా సేవ్ చేయొచ్చు. ఇంత ముఖ్యమైనది ఇంత లోపల దాచడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

అలాగే ప్లేయర్ సెట్టింగుల్లో వీడియోస్ కింద ఉండే రిఫ్రెష్ రేటు సర్దుబాటు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ తెర మారేది 60 సార్లు. ఈ రెండింటికీ లెక్క కుదరక కెమెరా పక్కకి జరిగినప్పుడల్లా బొమ్మ చిన్నగా తడబడుతుంది. ఆ సర్దుబాటు ఆన్ చేస్తే మొదట్లో టీవీ ఒకటి రెండు క్షణాలు నల్లబడుతుంది కానీ ఆ తర్వాత నడక నున్నగా ఉంటుంది. ఒకసారి తేడా కనిపెట్టాక మళ్లీ వెనక్కి పోలేం.

రిమోట్ సంగతికొస్తే, ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా సీఈసీ ఉండదు, అంటే టీవీ రిమోట్‌తోనే కోడీని నడపడం కుదరదు. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఆ సదుపాయం ఉంది, ఆ విషయంలో అదే మేలు. నేను యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే మామూలు ఎయిర్ మౌస్ రిమోట్ కొన్నాను. కంప్యూటర్‌కి అదొక కీబోర్డులా కనపడుతుంది, అంతే. ఫోన్‌లో కోడీవాళ్లదే ‘కోరె’ యాప్ ఉంది. పిల్లలు దాంతోనే కానిస్తారు. మా అత్తయ్యగారి కోసం మాత్రం ప్రధాన మెనూలో అక్కర్లేనివన్నీ తీసేసి సినిమాలు, వీడియోలు, పాటలు, ఫొటోలు, ఈ నాలుగే ఉంచాను. మొదట్లో “ఇదిగో అమ్మాయ్, మళ్లీ ఎటో పోయింది” అని కేక వినపడేది. వెనక్కి వచ్చే బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాక ఆ కేకలు తగ్గాయి. సగంలో ఆపిన సినిమాని మర్నాడు ఆపిన చోటు నుంచే మొదలుపెడుతుందని కనిపెట్టింది కూడా ఆవిడే. తెలుగు మెనూ పెట్టుకోవచ్చు కానీ అనువాదం పూర్తిగా లేదు. చాలా మాటలు ఇంగ్లీషులోనే ఉండిపోతాయి, కలగాపులగంగా ఉంటుంది. అందుకని ఇంగ్లీషులోనే వదిలేశాను.

కుదరని పనులూ ఉన్నాయి. ఓటీటీ యాప్‌లలో చూసే బొమ్మలకు కాపీ రక్షణ తాళాలుంటాయి. కోడీకి దొరికే అనధికార యాడాన్లు, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఒక నెల పనిచేసి మరో నెల మొరాయిస్తాయి, పనిచేసినా లినక్స్ కంప్యూటర్‌లో క్వాలిటీ తక్కువే. ఆ దారి వదిలేశాను. యూట్యూబ్ యాడాన్‌కి మనమే గూగుల్ దగ్గర ఏపీఐ కీ అనే అనుమతి కోడ్ సంపాదించి ఇవ్వాలి. ప్రవచనాల కోసం ఇంత తతంగమెందుకు, టీవీలోని యాప్ ఉంది కదా. కొత్త సినిమాలన్నీ ఉచితంగా వస్తాయని కోడీ పేరు చెప్పి అమ్మే పెట్టెలున్నాయి, అవన్నీ దొంగ సరుకు. కోడీ బృందానికి వాటితో సంబంధం లేదని వాళ్లే ఎన్నోసార్లు చెప్పారు.

మా ల్యాప్‌టాప్ పరిమితి కూడా చెప్పుకోవాలి. హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించిన వీడియోలు విప్పే హార్డ్‌వేర్ 4వ తరంలో లేదు. ఇప్పటి ఫోన్లు చాలా వాటిలో ఆ పద్ధతిలో వీడియో తీయొచ్చు. 1080పీ అయితే ఫ్యాను రొద చేస్తూ ఎలాగో ఆడిస్తుంది. 4కే పెడితే చేతులెత్తేస్తుంది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవాళ్లు 7వ తరం కన్నా కిందికి పోవద్దు. రంగుల ఛాయలు ఎక్కువుండే 10 బిట్ హెచ్‌ఈవీసీని విప్పే హార్డ్‌వేర్ అక్కణ్ణుంచే ఉంది.

జెల్లీఫిన్ గురించి రెండు ముక్కలు. కోడీ ఒక టీవీకి పరిమితం. అదే సరుకును పడకగదిలో ట్యాబ్ మీదా, ఫోన్లలోనూ చూడాలంటే సర్వర్ కావాలి. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ని బయటివాళ్లకి కనపడకుండా మూసేసుకున్నప్పుడు 2018 డిసెంబరులో విడిగా వచ్చినదే జెల్లీఫిన్. పూర్తిగా ఉచితం, బయటి ఖాతా ఏదీ తెరవక్కర్లేదు. అదే ల్యాప్‌టాప్‌లో వెనకాల నడుస్తుంటుంది. పిల్లలకి వేరే యూజర్ పెట్టి వాళ్ల ఫోల్డర్లే కనపడేలా చేశాను. ఒకేసారి ఇద్దరికి వీడియో మార్చి పంపాల్సివస్తే ఐ3కి ఊపిరాడదు. ఫైలు ఉన్నది ఉన్నట్టుగా పంపినంత సేపూ ఇబ్బంది లేదు.

అప్‌డేట్ల విషయంలో మాత్రం తొందరపడొద్దు. 2021లో కోడీ 19వ వెర్షన్ వచ్చినప్పుడు, యాడాన్లు రాసే పైథాన్ భాషలో 3వ వెర్షన్‌కి మారడంతో పాత యాడాన్లు ఎన్నో ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అప్పటినుంచీ పెద్ద వెర్షన్ వస్తే రెండు మూడు నెలలు ఆగి మారుతున్నాను. మారేముందు లైబ్రరీని విడివిడి ఎన్‌ఎఫ్‌ఓ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేస్తాను. సినిమా పక్కనే దాని వివరం, పోస్టర్ ఉండిపోతాయి. రేపు యంత్రం మారినా, డేటాబేస్ పాడైనా పేర్లు సరిచేసే పని మళ్లీ మొదటికి రాదు. హార్డ్‌డిస్క్‌కి రెండో కాపీ ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. సినిమాలు మళ్లీ కొనుక్కోవచ్చు, వీసీడీలు మళ్లీ దొరకవు.

వేసి చూద్దామనుకునేవాళ్లు లిబ్రెఎలెక్‌ని పెన్‌డ్రైవ్‌లో రాసి, దాన్నుంచే బూట్ చేసి, డిస్కులో ఎక్కించకుండానే ఒక వారం నడిపి చూడండి. బూట్ అయ్యేటప్పుడు ఇన్‌స్టాలర్ వైపు పోయారో, డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ తెర దగ్గర ఒక్క నిమిషం ఆగి, చదివి, అప్పుడు నొక్కండి.