పామాయిలా, వేరుశనగ నూనా: ఏది మేలు?

నేను బయాలజీ మాస్టారినని తెలిసినవాళ్లు అమలాపురంలో ఏ పెళ్లిలో కనబడినా ఒకటే ప్రశ్న: “మాస్టారూ, ఇంతకీ ఏ నూనె వాడమంటారు?” ధర, వాసన, గుండె సంగతులు అందరికీ తెలిసినవే. మొన్న మా ఇంట్లో పామాయిల్ మానేసింది వాటి కోసం కాదు, కణాల జ్ఞాపకం కోసం.

రోగాన్ని గుర్తుంచుకునేది తెల్లకణాల్లో లింఫోసైట్లు అనే రకమేనని మేం చదువుకున్నాం. కానీ క్రిములు చొరబడితే ముందుగా తలపడే మోనోసైట్లూ, వాటిని మింగేసే మాక్రోఫేజ్‌లూ కూడా పాత దెబ్బను గుర్తుపెట్టుకుని రెండోసారి ఎక్కువగా రెచ్చిపోతాయి. 2011లో శాస్త్రవేత్త మిహాయ్ నెటియా బృందం దీనికి ‘శిక్షణ పొందిన రోగనిరోధకత’ అని పేరు పెట్టింది. క్షయకు వేసే బీసీజీ టీకా నేర్పే శిక్షణ మంచిదే. చిక్కల్లా కొవ్వు నేర్పేదానితోనే.

పామాయిల్‌లో పామిటిక్ ఆమ్లం అనే సంతృప్త కొవ్వు సుమారు 40 శాతం. వేరుశనగ నూనెలో 10 శాతం అటూ ఇటూ. వేరుశనగ నూనె మొత్తంలో సగానికి దగ్గరగా ఓలియిక్ ఆమ్లం అనే అసంతృప్త కొవ్వే. ప్రయోగాల్లో పామిటిక్ ఆమ్లం రుచి చూసిన మాక్రోఫేజ్‌లకు తర్వాత బ్యాక్టీరియా విషం తగిలితే, మామూలు కంటే ఎక్కువ మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టిస్తాయి. కణంలో పోగయ్యే సిరమైడ్ అనే కొవ్వే దీనికి కారణం. ఓలియిక్ ఆమ్లం ఇస్తే ఆ జోరు తగ్గింది. పామాయిల్ పక్షాన ఒక మాట: పామిటిక్ ఆమ్లం ఇచ్చిన ఎలుకలు కాండిడా ఫంగస్‌ను మెరుగ్గా వదిలించుకున్నాయి కూడా.

ఎలుక వేరు, మన కంచం వేరు. తిన్న నూనె తిన్నట్టే రక్తంలో తేలదు. అందుకే ఈ శాతాల కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ జ్ఞాపకం ఎన్నాళ్లు ఉంటుందన్నది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, తీసేసే గ్రాహకం లేని ఎలుకలకు నాలుగు వారాలు కొవ్వు, చక్కెర దట్టించిన తిండి పెట్టి, మళ్లీ మామూలు మేతకు మార్చారు. రక్తంలో మంట చల్లారింది; ఎముక మజ్జలో తెల్లకణాలను పుట్టించే కణాల దూకుడు మాత్రం పోలేదు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్న రోగులకు మూడు నెలలు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇస్తే ఎల్‌డీఎల్ దిగింది, మోనోసైట్ల దూకుడు మాత్రం దిగిరాలేదు. గోదావరి వరద తీశాక కూడా లంక పొలాల్లో ఇసుక మేట మిగిలిపోయినట్టు. ‘రిపోర్టు తేడాగా వస్తే అప్పుడు మానేద్దాంలే’ అనే మా బావగారి లెక్క నాకు రుచించనిది ఇందుకే.

మిగతావాటి సంగతి: తవుడు నూనెలో పామిటిక్ 20 శాతం దాకా, మధ్యస్తం. కొబ్బరినూనెలో ఎక్కువ భాగం లారిక్ ఆమ్లం అనే మరో సంతృప్త కొవ్వు, దాని లెక్కే వేరు; ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే అయినా, కూరలో ఆ వాసనొస్తే మా ఇంట్లో ఎవరూ కంచం ముట్టరు. నెయ్యిలో పామిటిక్ పాతిక శాతం పైనే, కాకపోతే వేసుకునేది చెంచాడు.

ఇప్పుడు మాకు కూరలకూ వేపుళ్లకూ వేరుశనగ, ఆవకాయకు ఎప్పటిలాగే పప్పునూనె (నువ్వుల నూనె). సాయంత్రం బజ్జీల బండి మాత్రం ఇంకా మానలేదు. అక్కడ మూకుడులో కాగేది ఏ నూనో నాకు తెలుసు.