నూట ఇరవై రూపాయల కరెంట్ అఫైర్స్

కావలి బస్టాండు పక్క కొట్లో సివిల్స్ ప్రిపరేషన్ కోసం ప్రతినెలా ఒక కరెంట్ అఫైర్స్ మాసపత్రిక కొంటున్నా. పేరు రాయను, తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి.

మెచ్చుకోవాల్సింది ముందు చెప్తా. మహిళా రిజర్వేషన్ చట్టం మీద రాసిన రెండు పేజీలు బంగారం. బిల్లుగా ఉన్నప్పుడు అది 128వ రాజ్యాంగ సవరణ బిల్లు, 2023లో చట్టమయ్యాక 106వ రాజ్యాంగ సవరణ. ఈ రెండు నంబర్ల దగ్గర ఎన్ని మాక్ టెస్టుల్లో బోల్తా పడ్డానో! లోక్‌సభకు ఆర్టికల్ 330ఏ, అసెంబ్లీలకు 332ఏ, జనగణన తర్వాత జరిగే డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన)తోనే అమలు అన్న మెలిక, అంతా వరసగా విడమరిచారు. ఒక్కసారి చదివితే చాలు, మళ్లీ మర్చిపోలేదు.

అదే సంచికలో శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందని వేశారు. మన వైపుదే కదా, నాకు ఒళ్లు మండింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడే అది తిరుపతి జిల్లాలో కలిసింది. సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండు మార్కుల ప్రశ్న తప్పితే 0.66 అదనంగా పోతుంది, వీళ్లకేం పోతుంది?

చివరి పాతిక పేజీలు అవార్డులు, నియామకాలు, ఆటలు. గ్రూప్స్ వాళ్లకు పనికొస్తాయేమో, సివిల్స్‌కి దండగ. కాగితం పల్చన, హైలైటర్ రుద్దితే అవతలి పేజీకి దిగుతుంది.

కొట్టు పెద్దాయన మాత్రం మంచోడు. “పాత సంచిక సగం ధరకి తీసుకోమ్మా” అంటాడు. ఈ నెల అట్లానే తెచ్చుకున్నా.