రుమాలు వేసినా దక్కని బల్ల

విహార ఓడ (క్రూజ్) ఎక్కిన రోజు మధ్యాహ్నం, బఫే హాల్లో అమ్మ తన చేతిరుమాలు తీసి కిటికీ పక్క బల్ల మీద పరిచింది. ఏసీ గాలికి ఎగిరిపోతుందేమోనని దాని మీద కళ్లజోడు పెట్టె కూడా ఉంచింది. బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకున్న తరం మరి. ఆ ధీమాతోనే "ఇక పదండి, ఇక్కడ ఎవరూ కూర్చోరు" అంటూ పళ్లెం తెచ్చుకోవడానికి బయలుదేరింది. ఇరవై నిమిషాల తరువాత మేము ఆరుగురం పళ్లేలు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆ బల్ల చుట్టూ మరో కుటుంబం కూర్చుని పిజ్జా తింటోంది. రుమాలు మాత్రం నాలుగు మడతలతో, కళ్లజోడు పెట్టె కింద భద్రంగా, పక్క గట్టు మీద ఉంది. బల్లలు తుడిచే కుర్రవాడు ఎవరో మరిచిపోయారనుకుని తీసి పెట్టాడట. వాళ్లనీ అనలేము, అతన్నీ అనలేము. మన రుమాలు శాసనం టెక్సస్ రేవుల దాకా రాలేదు.

గాల్వెస్టన్ నుంచి మాకిది రెండో ఓడ ప్రయాణం. మొదటిసారి నేను, మా ఆవిడ, పిల్లలు. ఈసారి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా. అయిదు రాత్రులు, మధ్యలో మెక్సికోలోని కోస్టా మాయా, కొజుమెల్ రేవులు. డాలస్‌లో ఉండే మాకు గాల్వెస్టనే దగ్గరి రేవు. దగ్గర అంటే కారులో అయిదు గంటలు. అయినా ఆరు విమాన టికెట్లు కొనుక్కుని ఫ్లోరిడా రేవులకు వెళ్లడం కంటే నయం. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి ముందు రోజే బయలుదేరి హ్యూస్టన్‌కు దక్షిణాన, నాసా వారి జాన్సన్ స్పేస్ సెంటర్ దగ్గర, వెబ్‌స్టర్‌లో ఒక మామూలు హోటల్లో దిగాం. గాల్వెస్టన్ ద్వీపంలోనే సముద్రానికి ఎదురుగా గది అడిగితే శుక్రవారం రాత్రికి దాదాపు రెట్టింపు చెప్పారు. ఒక్క రాత్రి నిద్రకు అంత అవసరం లేదనిపించింది. వెబ్‌స్టర్ నుంచి రేవుకు పొద్దున ముప్పావు గంట కూడా పట్టలేదు. గది శుభ్రంగా ఉంది, పార్కింగ్ ఉచితం, టిఫిన్ కూడా ఇస్తారు.

ఆ టిఫిన్ దగ్గరే మొదటి తప్పు చేశాం. "ఓడలో ఎలాగూ కావలసినంత ఉంటుంది కదా, ఇక్కడ ఈ ఎండు రొట్టెలు ఎందుకు" అని నాన్న కాఫీతో సరిపెట్టారు. ఆయన్ని చూసి పిల్లలు కూడా అంతే. మధ్యాహ్నం పన్నెండున్నరకు, వేల మంది మధ్య, ఆకలితో ఉన్న పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని బల్ల కోసం తిరుగుతున్నప్పుడు ఆ ఎండు రొట్టెలే కళ్ల ముందు మెదిలాయి.

రేవులో పని మాత్రం చకచకా అయింది. అమ్మానాన్నలనూ సామానునూ టెర్మినల్ ముందు దింపి, నేను ఒక్కడినే వెళ్లి కారు పెట్టి రావడం మంచిదైంది. పార్కింగ్ నుంచి షటిల్ బస్సు కోసం నేను పాతిక నిమిషాలు నిలబడ్డాను. అంతసేపూ వాళ్లు నీడలో కూర్చున్నారు. పెద్ద పెట్టెలు పోర్టర్లు తీసుకుంటారు, అవి సాయంత్రానికి గది తలుపు దగ్గరకు వస్తాయి. కాబట్టి పాస్‌పోర్టులు, మందులు, పిల్లల ఈత దుస్తులు చేతిసంచీలోనే ఉండాలి. మా ముందు ఒకాయన పాస్‌పోర్టులున్న పెట్టె పోర్టరుకు ఇచ్చేసి, సామాను బండి వెనకాల పరుగెత్తాడు. స్కానింగ్ దగ్గర మరో భారతీయ కుటుంబం కరెంటు కుక్కరును పక్కన పెట్టించారు. వంట పరికరాలేవీ గదిలోకి పనికిరావు. ఇంట్లో వండినవీ కుదరవు, సీలు తీయని పొట్లాలు, సీసాలు అయితే ఫరవాలేదు. అందుకే మా అమ్మ పెట్టిన ఆవకాయ కారులో ఉండిపోయింది, కొన్న గోంగూర సీసా మాతో ఓడెక్కింది.

ఇక అసలు సంగతి. ఎక్కిన రోజు బఫే అంత రద్దీగా ఎందుకుంటుంది? వంట బాగుండి కాదు. పాత ప్రయాణికులు పొద్దున్నే దిగుతారు. గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చి సిద్ధం చేసేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. కొత్తవాళ్లు మాత్రం పదకొండు నుంచే ఎక్కుతుంటారు. భుజాన సంచులు, కాళ్ల దగ్గర చక్రాల పెట్టెలు, వెళ్లడానికి గది లేదు. ఓడలోకి అడుగు పెట్టగానే నవ్వుతూ ఒక అమ్మాయి "పైన భోజనం సిద్ధంగా ఉంది" అని చెయ్యి చూపిస్తుంది. అందరూ ఆ చెయ్యి చూపిన వైపే వెళతారు. మూడు వేల మందికి పైగా పట్టే ఓడలో సగం మంది ఒకే గంటలో ఒకే హాల్లోకి చేరితే అది భోజనశాల కాదు, జంక్షన్ స్టేషనులో వెయిటింగ్ రూమ్. ఈ మాట నాది కాదు, రైల్వేలో పని చేసి రిటైరైన మా నాన్నది. "తినేసినవాళ్లు కూడా లేవరు చూడు, వాళ్ల బండికి ఇంకా టైముంది" అన్నారు. నిజమే. సగం బల్లల మీద ఖాళీ గ్లాసులు తప్ప తిండి లేదు.

నేను గమనించింది ఇంకొకటి ఉంది. ఆ హాలు సాధారణంగా రెండు రెక్కలుగా ఉంటుంది. ఎడమ పక్క ఏముందో కుడి పక్కా అదే ఉంటుంది. లిఫ్టు దిగినవాళ్లు ఎదురుగా కనబడిన మొదటి కౌంటరు దగ్గర, అంటే పచ్చి ఆకులూ బ్రెడ్డూ ఉన్నచోట, వరసలో నిలబడిపోతారు. మనకైతే పెళ్లి బఫేల అలవాటు, పళ్లెం తీసుకున్న చోటు నుంచి పెరుగన్నం దాకా ఒకటే వరస, మధ్యలో దూరితే పెద్దలు కళ్లెర్రజేస్తారు. ఇక్కడ అది వరస కానే కాదు. దేనికది విడి కౌంటరు, కావలసిన దాని దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు. మేము పావుగంట సేపు మాకు అక్కరలేని సలాడ్ల కోసం నిలబడ్డాం. వెనక వైపు, ఓడ తోక దగ్గర, అవే వంటకాలు ఇద్దరు ముగ్గురి ముందు ఆవిర్లు కక్కుతున్నాయి.

భారతీయ వంటల కౌంటరు కూడా అక్కడే, చివర. బాస్మతి అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, కోడి కూర, అప్పడాలు. ఆ రోజు శనివారం. అమ్మకు శనివారం వెంకటేశ్వరస్వామి నియమం, కోడి కూర గరిటె పప్పులో పడిందంటే ఆ పప్పు ఇక ముట్టదు. కౌంటరు వెనక ఉన్న అబ్బాయి చొక్కా మీద పేరు, దాని కింద ఇండియా అని రాసి ఉంది. ఆ ఒక్క మాట చూసి అమ్మ ధైర్యంగా తెలుగులో మొదలుపెట్టింది: "ఇందులో గరిటెలు కలపలేదు కదా బాబూ?" అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, కానీ తల్లి వయసావిడ కాబట్టి చేతులు కట్టుకుని వింటున్నాడు. నాన్న రైల్వే హిందీ రంగంలోకి దిగింది. అతను లోపలికి వెళ్లి, ఎవరూ ముట్టని గిన్నెలోంచి వేరుగా పప్పు తెచ్చి ఇచ్చాడు. అంతటితో ఆగకుండా, రాత్రి పెద్ద భోజనశాలలో హెడ్ వెయిటరుకు చెప్పి ఉంచితే మర్నాటి నుంచి మెనూలో లేని మన శాకాహారం చేసిపెడతారని కూడా చెప్పాడు. అలాగే చెప్పాం. మర్నాటి రాత్రి నుంచి చపాతీలు, బెండకాయ కూర వచ్చాయి. ఆ రద్దీలో అతను అయిదు నిమిషాలు మాకోసం ఆగడం ఈ ప్రయాణంలో నేను చూసిన అన్నిటికంటే మంచి సేవ. పప్పు మాత్రం ఉత్తరాది పద్ధతి. గోంగూర సీసా మూత తీయక తప్పలేదు.

శుభ్రత గురించి పెద్దవాళ్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. హాలు వాకిట్లోనే సబ్బు, కుళాయిలు ఉన్నాయి, చేతులు కడిగిస్తూ ఒక మనిషి కూడా ఉన్నాడు. చాలామంది పక్కనున్న శానిటైజరు రాసుకుని లోపలికి జారుకుంటున్నారు. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజరు అంతగా పని చేయదు, సబ్బుతో కడుక్కోవలసిందే. అందరూ పట్టుకున్న గరిటెనే మనమూ పట్టుకుంటాం కాబట్టి, వడ్డించుకున్నాక తినే ముందు ఇంకోసారి కడుక్కోవడం మంచిది. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వారు తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తారు. 86 వస్తే పాసు, 85 వచ్చినా ఫెయిలే. ఆ నివేదికలు ఎవరైనా చూడవచ్చు. నేను టికెట్లు కొనేముందే చూశాను, అమ్మకు చూపించాను కూడా. "తొంభై దాటిందా, అయితే పద" అంది, నా పదో తరగతి ఫలితాలు చూసినట్టు.

మొదటి ప్రయాణంలో ఈ తిప్పలు పడలేదు, అదీ మా తెలివి వల్ల కాదు. ఆ ఓడలో ఎక్కిన రోజు మధ్యాహ్నం కింద పెద్ద భోజనశాల కూడా తెరిచారు. లిఫ్టు దొరకక మెట్లు ఎక్కుతూ ఆ తలుపు చూసి లోపలికి వెళ్లాం. తెల్లటి బల్లగుడ్డ, వచ్చి అడిగి వడ్డించే మనుషులు, పక్క బల్ల ఖాళీ. గంట పట్టింది, పైసా అదనంగా లేదు. అన్ని ఓడల్లోనూ ఆ పూట తెరవరు. ఈసారి ఓడలో తెరవలేదు. ఎక్కగానే ఫోను యాప్‌లో ఆ రోజు కార్యక్రమం చూస్తే ఏది తెరిచి ఉందో తెలిసిపోతుంది. ఈత కొలను పక్కన బర్గర్లు ఇచ్చే చిన్న కౌంటర్లు కూడా ఉంటాయి. పిల్లలకు అవి చాలు, శనివారం అమ్మకు చాలవు.

ఇంకో మార్గం ఆలస్యంగా వెళ్లడం. పొద్దున గట్టిగా తిని ఉంటే అదే అన్నిటికంటే మంచిది. ముందు మస్టర్ డ్రిల్ ముగించుకోవచ్చు. ప్రమాదం వస్తే మన వాళ్లంతా ఎక్కడ చేరాలో చూపించే తంతు అది. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగినప్పుడు, ఆ రోజే ఎక్కినవాళ్లలో చాలామందికి ఆ డ్రిల్ ఇంకా జరగలేదు. అప్పటి నుంచి ఓడ కదిలేముందే చేయిస్తున్నారు. మా ఓడలో ఫోనులో వీడియో చూసి, చెప్పిన చోటుకు వెళ్లి కార్డు చూపిస్తే సరిపోయింది. అందరూ బిర్యానీ దగ్గర తొక్కిసలాడినట్టు పైన ఉన్న వేళ అక్కడ ఈగ కూడా లేదు. ఒకటిన్నరకు గదులు తెరిచారని మైకులో చెప్పగానే బఫే సగం ఖాళీ అయింది. రెండుంపావుకు నాన్న టీ కోసం ఒంటరిగా వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని, రేవులో పెలికాన్ పక్షులు చేపల కోసం మునగడం చూస్తూ అరగంట గడిపి వచ్చారు.

దిగే రోజు పొద్దున కూడా బఫే గతి ఇంతే. అవే సంచులు, అవే చక్రాల పెట్టెలు, ఈసారి నిద్ర ముఖాలు అదనం. మేము ఏడు గంటలకే కింద భోజనశాలకు వెళ్లి కూర్చుని తిన్నాం. నాన్న మాత్రం దారిలో పనికొస్తాయని బఫే నుంచి రెండు అరటిపళ్లు జేబులో వేసుకువచ్చారు. ఓడ నుంచి పళ్లు బయటికి తీసుకువెళ్లకూడదని వరసలో నిలబడ్డాక బోర్డు కనబడింది. పారేయడానికి ఆయన ఒప్పుకోలేదు. నాకొకటి ఇచ్చారు. పాస్‌పోర్టు ఒక చేత్తో, అరటిపండు మరో చేత్తో పట్టుకుని ఇద్దరం అక్కడే తినేశాం.