శంషాబాద్ వైపు ఇంటికొచ్చే ఎద సూది సేవ: స్ట్రా మంచిదే, కరిగించే తీరే బాలేదు

గేదెలకు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేసే ఈ సేవలో ముర్రా జాతి స్ట్రాలు, అంటే గడ్డకట్టించిన వీర్యం ఉన్న సన్న గొట్టాలు, అసలైనవే. స్ట్రా మీద దున్న నంబరు, జాతి, బ్యాచ్ చూపిస్తారు. రాసిపెట్టుకోండి, రేపు పుట్టే పెయ్యకు అదే వంశం లెక్క. దున్న తల్లి పాల రికార్డు మాత్రం అడిగితేనే ఇస్తారు. 'కూతురు పది లీటర్లు గ్యారంటీ' అంటే నమ్మకండి: దిగుబడిలో వారసత్వం వాటా పావు వంతు అటూఇటూ, మిగతాది మేత, సాకుడు.

పెద్ద లోపం, స్ట్రాను చన్నీళ్లలో కరిగించడం. 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి, తుడిచి, వెంటనే వేయాలి. లేకపోతే వీర్యకణాలు దెబ్బతిని గేదె చూడి నిలవక తిరిగి పొర్లుతుంది (మళ్లీ ఎదకొస్తుంది). థర్మామీటరు మీరే పెట్టుకోండి, ఖరీదేం కాదు! పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున పిలవండి.

ఆడదూడల స్ట్రా ధర ఎక్కువ. పెయ్య పుట్టే అవకాశం 90 శాతం దాకా ఉన్నా, చూడి నిలవడం కాస్త తక్కువ.