చింతపండు పులిహోరా, నిమ్మకాయ పులిహోరా?

మొన్న బుధవారం మా ఇంట్లో నిమ్మకాయ పులిహోర, ఆదివారం చింతపండుది. రెండింటికీ అన్నం పలుకుగా వండి, వేడి మీదే పళ్ళెంలో పరిచి పసుపు, నూనె కలపాలి, మెతుకులు అతుక్కోవు.

తేడా అంతా పులుపులోనే. చింతపండు గుజ్జును పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు, చిన్న బెల్లం ముక్కతో నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. ఓపిక కావాలి. కానీ ఆ గుజ్జు ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. కలిపిన పులిహోర పొద్దుటికంటే సాయంత్రమే రుచి. చివర్లో కాస్త ఆవపిండి వేస్తే ఘాటు ముక్కుకు తగులుతుంది (మా అమ్మ పద్ధతి).

నిమ్మకాయది పది నిమిషాల పని. పోపు దించాకే రసం పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండి, చేదెక్కించి, ఒకసారి గిన్నెడు పారబోశాను. ప్రయాణానికైతే నేను చింతపండుదే కడతాను.